నాలుగో బెడ్డు ఖాళీ

నా ముందు పళ్లలో ఒకటి కట్టుడు పన్ను. అసలు పన్ను ఒక పేషెంటు బావమరిది మోచేతికి పోయింది. "మా బావకి ఎలా ఉంది?" అని అడిగాడు. "ఉండండి, డాక్టరుగారు వచ్చి చెప్తారు" అన్నాను. మా క్యాజువాలిటీలో దెబ్బలు తినడానికి ఆ మాత్రం చాలు. మా హెడ్ సిస్టరుకి ఒకసారి భుజం జారింది. ఇంకొకావిడకి చెవి కమ్మతో పాటు తమ్మె తెగి వచ్చింది. తలుపు దగ్గర కాపలా ఉండే బాబాయిని ఆయన లాఠీతోనే ఉతికి ఆరేశారు. డాక్టర్లను కొడితే పేపర్లో వస్తుంది. మమ్మల్ని కొడితే దూదీ, గుడ్డపీలికా వస్తాయి, అవీ మేమే లేచి తెచ్చుకోవాలి.

ఈ గొడవంతా నా మరదలి గురించి చెప్పడానికి. మా తమ్ముడి పెళ్లాం. నేను పనిచేసే క్యాజువాలిటీలోనే అదీ నర్సు. ఆసుపత్రంతా దాన్ని "సిస్టం సిస్టరు" అంటారు. నేను "ఒసేయ్" అంటాను. అది నన్ను "వదినా" అంటుంది, కోపం వస్తే "వదినగారూ" అంటుంది. ఆ "గారూ" చెవిన పడిందంటే మా తమ్ముడు చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్లిపోతాడు. ఆడబిడ్డ అర్ధమొగుడని లోకమంతా అంటుంది గానీ మా ఇంట్లో అర్ధమొగుణ్ణి ఎవరూ ఖాతరు చేయరు. సంబంధం తెచ్చింది నేనే, ఎవర్ని అనుకుని ఏం లాభం.

మా అమ్మ మాత్రం మేమిద్దరం డ్యూటీకి బయల్దేరేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట చెప్పేది: "నీకు దెబ్బలు అలవాటే. దాన్ని మాత్రం జాగ్రత్తగా తీసుకురావే." కన్నకూతురితో అనాల్సిన మాటేనా అది? అయినా ఆ మాట నా నెత్తిన ఎక్కి కూర్చుంది. నాకు కావాల్సింది కూడా అదే, ఆ తలుపు లోపలికి వెళ్లిన పిల్ల వెళ్లినట్టే బయటికి రావాలి.

మా మరదలి నాన్న రేడియోలూ ఫ్యాన్లూ బాగుచేసేవాడు. విప్పితే గానీ తెలియదు, పాడైతే మళ్లీ బిగించొచ్చు అనేది ఆ ఇంటి పద్ధతి. మా వార్డు పద్ధతి వేరు. కంప్యూటరు వచ్చిన కొత్తలో దానికి మేం చేసిన మర్యాదల్లా దుమ్ము పడకుండా దుప్పటి కప్పడం. "ముట్టుకుంటే పాడవుతుంది, పాడైతే మన మెడకి చుట్టుకుంటుంది" అంది హెడ్ సిస్టరు. కంపెనీ నుంచి ఒకాయన వచ్చి గడగడా పాఠం ఒప్పజెప్పి, "అర్థమైందా?" అన్నాడు. అందరం తలలూపాం. పెళ్లిచూపుల్లో కూడా అంత బుద్ధిగా ఊపి ఉండం. ఇది ఒక్కతే లేచి, "అన్నయ్యా, ఒక్క ముక్క అర్థం కాలేదు, మళ్లీ మొదట్నుంచీ చెప్పండి" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మళ్లీ చెప్పాడు, ఇది మళ్లీ అడిగింది. మూడోసారికి ఆయనకే తన సిస్టంలో రెండు తప్పులు కనిపించాయి.

అది గొప్ప చదువరేం కాదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడదు, అంతే దాని తెలివి. మిగతావాళ్లం తెలిసినట్టు నటిస్తూ బతికేవాళ్లం. ఒకసారి మా నర్సుల గ్రూపులో ఎవరో ఏదో మందుకి కొత్త కొలత అని పంపారు. ఒకావిడ అది నమ్మి సూది ఎత్తింది. ఇది గబుక్కున మణికట్టు పట్టుకుని ఆపింది. "ఇది ఎవరు రాశారు? ఎక్కడ రాశారు? చూశావా?" అంది. చూస్తే అది పశువుల మందు కొలత. ఆవిడ గోడకి ఆనుకుని అలా కిందికి జారిపోయింది. ఫోన్లో వచ్చిన ప్రతిదాన్నీ నమ్మకుండా ఎక్కడ వెతకాలో, ఎలా సరిచూసుకోవాలో అప్పట్నుంచీ మాకందరికీ అదే చెప్పేది. నాకు మీటలు కొట్టడం నేర్పింది. "వదినా, అది కరవదు, నొక్కు" అనేది. "అది కరవదు, నేనే దాన్ని కరుస్తాను" అనేదాన్ని.

తలుపు పైన బోర్డు పెట్టాలన్న ఆలోచన దానికి తల పగిలిన రోజున పుట్టింది. ఒక ముసలావిడ కొడుకు దీని జడ మెలేసి పట్టుకుని తలని తలుపు చట్రానికేసి కొట్టాడు. ఒకసారి కాదు. కనుబొమ్మ మీద చర్మం విచ్చుకుని, రక్తం కంట్లోకి కారి, అది గుడ్డిదానిలా గాలిలో చేతులాడించింది. వాణ్ణి లాగి పడేసి నేనే కుట్లు వేశాను. నేను కుడుతూనే ఉన్నాను, దాని నోరు మాత్రం ఆగడం లేదు.

"వాడు అడిగింది విన్నావా వదినా? లోపల ఏం జరుగుతోంది అన్నాడు. అంతే కదా అడిగాడు."

"తల పగిలినదానివి, వాడి తరఫున వకాల్తా ఏంటే? కదలకు."

"నువ్వు ఎప్పుడైనా ఆ తలుపుకి అవతల కూర్చున్నావా?"

కూర్చోలేదు. నాకేం ఖర్మ. అది కూర్చుంది. కుట్లు ఆరకముందే, సెలవు రోజున మామూలు చీర కట్టుకుని, బయట బెంచీ మీద పేషెంట్ల వాళ్ల మధ్య పొద్దంతా కూర్చుంది. ఇంటికొచ్చి, "నేనైనా కొట్టేదాన్ని" అంది.

స్టోరులో పడి ఉన్న పాత టీవీని సూపరింటెండెంటు వెంట పడి పడి సాధించింది. ఆయన దీని పోరు పడలేక సంతకం పెట్టాడు. దాన్ని తలుపు పైన బిగించి, లోపలి కంప్యూటరుకి కలిపింది. అదే మా బోర్డు: బెడ్డు నంబరు, దాని పక్కన ఒక మాట. "చూస్తున్నారు." "పరీక్షలకు తీసుకెళ్లారు." "వార్డుకు పంపాం." ఎవరూ లేకపోతే "ఖాళీ." మేం లోపల నొక్కితే బయట మారుతుంది. బాబాయికి చదవడం వచ్చు కాబట్టి రానివాళ్లకి ఆయన చదివి చెప్పేవాడు. ఆ పని వచ్చాక ఆయన మీసం మెలేయడం కూడా మొదలెట్టాడు.

నిజం చెప్పొద్దూ, దెబ్బలు తగ్గాయి. తిట్లు తగ్గలేదు, తిట్లు ఎవడికి లెక్క. జనం మా మొహాల మీద పడకుండా బోర్డు వైపు చూస్తూ కూర్చునేవాళ్లు. హెడ్ సిస్టరు కూడా "మీ మరదలు మంచి పని చేసింది" అంది, నాలుక కరుచుకుంటూ. నాకైతే ఛాతీ ఉబ్బిపోయింది.

మాకో అలవాటు ఉంది, అది చెప్పాలి. ఆ సిస్టంలో పాత పేషెంటుని తీసి బెడ్డు ఖాళీ అని నొక్కితే తప్ప కొత్త పేషెంటు పేరు ఎక్కదు. పేరు ఎక్కకపోతే మందుల గదివాళ్లు మందు ఇవ్వరు. అందుకని బెడ్డు దగ్గర పని ముగిసిందంటే మా వేళ్లు వాటంతట అవే ఖాళీ మీదికి వెళ్లేవి. ప్రాణం పోయినప్పుడు కూడా అంతే, కాకపోతే ముందు డాక్టరు బయటికెళ్లి ఇంటివాళ్లకి చెప్పేవాడు, ఏడుపులయ్యేవి, తర్వాత నింపాదిగా నొక్కేవాళ్లం. ఈ రెండింట్లో ఏది ముందు, ఏది వెనక అని ఎవరూ ఎక్కడా అనుకోలేదు. అవసరం రాలేదు కాబట్టి అనుకోలేదు.

ఆ రోజు లారీ ఒకటి కూలీల బండిని గుద్దింది. బెడ్లన్నీ నిండాయి. నేల మీద కూడా పడుకోబెట్టాం. కాళ్ల కింద రక్తం జారుతుంటే పాత దుప్పట్లు పరిచి నడిచాం. నాలుగో బెడ్డు మీద పాతికేళ్ల కుర్రాడు. ఛాతీ లోపలికి పోయింది. డాక్టరు ఆ ఛాతీ మీద ఎక్కినంత పనిచేసి, చాలాసేపు నొక్కి నొక్కి, చివరికి చేతులు తీసేశాడు. "అయిపోయింది. నేను వెళ్లి చెప్తాను, ఒక్క నిమిషం" అని పక్క బెడ్డు మీద కాలు నుజ్జయినవాడి వైపు తిరిగాడు. ఆ ఒక్క నిమిషం ఎంతకీ రాలేదు.

అదే సమయానికి స్ట్రెచరు మీద ఒక పిల్లని తోసుకొచ్చారు. ఆ ప్రమాదానికీ ఈ పిల్లకీ సంబంధం లేదు, ఉబ్బసం. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి, మావైపే చూస్తోంది. మేం కుర్రాణ్ణి తెర వెనక్కి జరిపి పిల్లని బెడ్డు ఎక్కించాం. మందు కావాలి, వెంటనే కావాలి. మరదలు నాలుగో బెడ్డు ఖాళీ అని నొక్కింది. పిల్ల పేరు ఎక్కించింది. మందు వచ్చింది. రబ్బరు బ్యాగు పిల్ల మొహానికి ఆనించి గాలి కొట్టడం మొదలెట్టింది.

బయట జరిగింది తర్వాత బాబాయి చెప్పాడు. ఆ కుర్రాడి అన్న బోర్డు కిందే నిలబడి ఉన్నాడట. చొక్కా నిండా తమ్ముడి రక్తం. నాలుగు పక్కన "ఖాళీ" అని పడగానే మొహం విప్పారిందట. "వార్డుకి పంపారా బాబాయ్?" అన్నాడట. మా బాబాయి ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. "వార్డుకి పంపితే వార్డుకి పంపాం అనే రాస్తారు బాబూ. ఖాళీ అంటే..." అని ఆగిపోయాడట. బోర్డు మీద ఏ మాటకి ఏమిటర్థమో ఆయనకి నేర్పింది మా మరదలే.

తలుపు అద్దం ముందు లోపలికి వచ్చింది, తర్వాత వాడు వచ్చాడు. వాడి వెనక ఇంకొందరు. సెలైన్ స్టాండు లాక్కుని మందుల బీరువా మీద ఒక్కటి వేశాడు. సీసాలు పగిలి మందుల వాసన గుప్పుమంది. డాక్టరు బాత్రూములోకి దూరి గడియ పెట్టుకున్నాడు. ఆ గడియ చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది, దరిద్రుడు. ఎవడో హెడ్ సిస్టరు గొంతు పట్టుకుని గోడకి అదిమాడు. ఎవడో నా డొక్కలో తన్నాడు. తెర లాగేసరికి తమ్ముడు కనిపించాడు, అన్న నోట్లోంచి వచ్చిన అరుపు మనిషి అరుపులా లేదు.

"ఖాళీ అని రాస్తారా? మా తమ్ముణ్ణి ఖాళీ చేశారా? ఎవత్తె నొక్కింది?"

ఊరుకుంటే పోయేది. అంత గోలలో ఎవరు చెప్తారు? ఇది బ్యాగు నొక్కుతూనే తలెత్తి, "నేనే" అంది.

"ఏ చేత్తో?"

అడిగినవాడే జవాబు కూడా చూసుకున్నాడు. బ్యాగు మీద ఉన్న కుడిచెయ్యిని పెరికి లాగి, మందుల బండి సొరుగులో వేళ్లు పెట్టించి, సొరుగుని కాలితో తన్నాడు. అది ఇనుప సొరుగు. ఎముకలు విరిగితే ఎలా వినిపిస్తుందో నాకు కొత్త కాదు, అయినా మన మనిషివి వేరుగా వినిపిస్తాయి. రెండోసారి తన్నాడు. మూడోసారి కాలెత్తేలోపు సిలిండరు తిప్పే ఇనుప పానా నా చేతికి దొరికింది. చెవి పక్కన వేశాను. కూలబడ్డాడు. కూలబడ్డాక కూడా ఇంకోటి వేశాను. దానికి నాకేం బాధ లేదు, ఇప్పుడు అడిగినా వేస్తాను.

మరదలు అరవలేదు. కుడిచెయ్యి సొరుగులోనే వేలాడుతోంది, ఎడమచేత్తో బ్యాగు కోసం తడుముతోంది. "వాణ్ణి వదిలేయ్ వదినా. బ్యాగు పట్టుకో, పిల్ల పోతుంది" అంది. పట్టుకున్నాను. నా చేతుల్లోంచి వాడి రక్తం ఆ పిల్ల చెంప మీద పడింది. పిల్ల బతికింది. సాయంత్రానికి మంచినీళ్లు అడిగింది.

మరదలి చేతికి రెండు ఆపరేషన్లయ్యాయి. చూపుడువేలూ మధ్యవేలూ ఇక వంగవు. మా అమ్మ నాతో చాలా రోజులు మాట్లాడలేదు. మా తమ్ముడు నెమ్మదస్తుడు, వాడు కూడా "నీ సిస్టం నీ వేళ్లు తినేసింది, ఇక చాలు, మానేయ్" అన్నాడు. నేనూ అదే అన్నాను. కాళ్లు పట్టుకుని అన్నాను. సూపరింటెండెంటేమో సందులో సడేమియా అన్నట్టు, "ఆ బోర్డు నీ ఆలోచనే కదా" అని సంజాయిషీ అడిగాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. బోర్డు ఊడబీకారు. ఆ కుర్రాడి అన్న మీద కేసు పెట్టారు. ఇది వెళ్లి సాక్ష్యం చెప్పింది, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. బయటికొచ్చాక నాతో అంది: "కొట్టినందుకు వాడు అనుభవించాల్సిందే. కానీ వాడి తమ్ముడు పోయాడని వాడికి టీవీ చెప్పింది వదినా. నేను ఆ మాట తలుచుకుంటే అన్నం దిగడం లేదు."

బోర్డు పోయాక మళ్లీ మొదటికొచ్చింది. కొత్తగా చేరిన పిల్లని ఒకడు నేల మీద పడేసి గొంతు నొక్కాడు. ఆ పిల్ల మెడ మీద ఐదు వేళ్లూ నీలంగా తేలాయి. మా మరదలు ఆ మెడ చూసింది. మర్నాడు యూనిఫాం వేసుకుంది. ఎడమచేత్తో బొత్తాలు పెట్టుకోలేకపోతుంటే ఏడుస్తూ నేనే పెట్టాను. తిడుతూ కూడా పెట్టాను.

బోర్డు మళ్లీ పెడదాం, సిస్టం మాత్రం మార్చాలని కంపెనీ ఆయనకి ఫోన్ చేసింది. ప్రాణం పోయిన బెడ్డు "ఇంటివాళ్లకు చెప్పాం" అని నొక్కితే తప్ప ఖాళీ కాకూడదు, చెప్పింది ఎవరో పేరు కూడా కొట్టాలి, అంతవరకూ బయట బోర్డులో "చూస్తున్నారు" అనే ఉండాలి. ఆయన కుదరదన్నాడు. రోజూ ఫోన్ చేసి మొదట్నుంచీ చెప్పేది. చివరికి కుదిరింది. డాక్టరు మాత్రం ఎగిరిపడ్డాడు. "బయట పేషెంటు ప్రాణం మీదకొస్తే, చెప్పేదాకా బెడ్డు ఆపుతావా?"

"చెప్పడానికి ఎంతసేపు సార్?" అంది. "ఎవరూ వెళ్లకపోవడం వల్ల ఆలస్యం గానీ."

ఆ మాట నిజమని అందరికీ తెలుసు. ఎవరు వెళ్తారు? తాడు తెంచుకున్న ఎద్దుల మధ్యకి ఎర్రబట్ట కట్టుకుని పోయినట్టే. చివరికి అదే తేల్చింది, బెడ్డు ఎవరు చూస్తుంటే వాళ్లే వెళ్లాలి, వాళ్ల పేరే కొట్టాలి.

సూపరింటెండెంటు ఒప్పుకుని బోర్డు మళ్లీ ఎక్కించాక మొదటి చావు మరదలు చూస్తున్న బెడ్డు మీదే. కరెంటు తగిలిన అమ్మాయి, కొత్తగా పెళ్లయింది. బయట వాళ్ల వాళ్లు బోలెడు మంది, ఒకడి చేతిలో హెల్మెట్టు. లోపల ఇంకో పేషెంటు బెడ్డు కోసం స్ట్రెచరు మీదున్నాడు. నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

"నేను వెళ్తాను. నువ్వు కదలకు."

"నువ్వు వెళ్తే వాళ్లను కొట్టి వస్తావ్ వదినగారూ. తప్పుకోండి."

తప్పుకున్నాను. అద్దంలోంచి చూశాను. అది నిలబడి చెప్పలేదు. ఆ అమ్మాయి తల్లి నేల మీద కూర్చుని ఉంటే, వెళ్లి ఎదురుగా తనూ నేల మీద కూర్చుంది. ఏదో చెప్పింది. తల్లి ఒక్క క్షణం అలా చూసి లాగి చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. రెండు చేతులతో జుట్టు పట్టుకుని ఊపింది. హెల్మెట్టువాడు వచ్చి దాంతోనే భుజం మీద వేశాడు, ఇది ఒక పక్కకి ఒరిగింది, చెయ్యి అడ్డం పెట్టలేదు. నేను తలుపు తోశాను. అప్పుడు ఆ తల్లి కూతుర్ని పేరు పెట్టి పిలుస్తూ దీని ఒళ్లోనే పడిపోయింది. హెల్మెట్టువాడు హెల్మెట్టు కింద పడేసి గోడకేసి తల బాదుకున్నాడు. నా మరదలి మీద ఇంకెవరూ చెయ్యి ఎత్తలేదు.

లోపలికొచ్చేసరికి పెదవి చిట్లి ఉంది. కొళాయి దగ్గర నోరు పుక్కిలించి రక్తం ఉమ్మింది. ఎడమచేత్తో తన పేరు కొట్టి, ఖాళీ నొక్కి, స్ట్రెచరు లోపలికి లాగమంది. లాగాం. నేను దాని మొహం తుడుస్తూ, "ఎన్నిసార్లని తింటావే?" అన్నాను. ఏడుపు ఆగలేదు నాకు.

"అన్నీ నేనే ఎందుకు తింటాను? నీ బెడ్డు మీద ముసలాయన్ని చూసుకో" అంది.

చూశాను. నా బెడ్డు మీద ఆయన ఊపిరి అప్పటికే అందడం మానేస్తోంది. డాక్టరూ నేనూ కలిసి చేయగలిగిందంతా చేశాం. సాయంత్రం కాకముందే ఆయన పోయాడు. బయట ఆయన కొడుకులు నలుగురు, కండలు తిరిగిన మనుషులు. సిగ్గెందుకు, భయమేసింది. కంప్యూటరు నా పేరు అడుగుతోంది. మరదలు వేరే బెడ్డు దగ్గర పనిలో ఉంది, నావైపు చూడను కూడా లేదు. చేతులు కడుక్కుని తలుపు తీశాను. బెంచీ మీద కూర్చున్న నలుగురూ ఒకేసారి లేచి నిలబడ్డారు.